క్లీనరుకి పట్టిన పేలు

ఫిబ్రవరి 9

చిన్నబ్బాయికి,

నీకు కావలసిన కబురు ముందే చెప్పేస్తాను, లేకపోతే మిగతాదంతా గబగబా దాటేసి ఆఖరికి పరిగెడతావు. క్లీనరు బాగుంది. తింటోంది, పడుకుంటోంది, వీధిలో ఏ వ్యాను ఆగినా ఎక్కి ముందు సీట్లో కూర్చుంటోంది. మొన్న గ్యాసు బండలు తెచ్చే వ్యాను ఎక్కి దిగనని మొండికేస్తే మీ అన్నయ్య వెళ్లి రెండు చేతులా ఎత్తుకొచ్చారు. కుక్కకి క్లీనరని పేరు పెట్టిన రోజే ఆలోచించాల్సింది, డ్రైవరు లేకపోతే దాని గతేమిటని.

ఇక్కడ అంతా మామూలే. లాడ్జి వాళ్ల దుప్పట్లు వారానికి మూడుసార్లు వస్తున్నాయి. ఉడకబెట్టడం, ఉతకడం, ఆరెయ్యడం, ఇస్త్రీ చెయ్యడం. మీ అన్నయ్య కుళాయిల పనికి పొద్దున్నే వెళ్లి దీపాలు పెట్టే వేళకి వస్తారు. వీధి చివర వాచ్‌మన్ భార్య నీళ్ల దగ్గర కనబడితే ఈయన తన బిందె పక్కకి జరిపి దారిస్తారు. ఆవిడ మొగుడు నీ వ్యాను కింద పడి పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్లలో ఒక్క మాటయినా అనలేదు ఆవిడ. అనుంటే మాకు తేలిగ్గా ఉండేది.

ఒక చిన్న చికాకు. క్లీనరు నాలుగు రోజులుగా తెగ గోక్కుంటోంది. నిన్న ఉతికిన తెల్ల దుప్పటి మీద దొర్లితే నల్లగా నువ్వుగింజల్లాంటివి రాలాయి. నేను చెయ్యి పెట్టేలోపు అందులో రెండు ఎగిరిపోయాయి. గెంతే రకం కుక్కపేలు పట్టినట్టున్నాయి. స్నానం చేయిస్తే పోతాయిలే.

నువ్వు లోపలికి వెళ్లి పదకొండు నెలలు. నాలుగేళ్లలో పదకొండు నెలలు తీసేస్తే ఎంతో నేను లెక్క వెయ్యను. అక్కడ మీ దుప్పట్లు ఎవరు ఉతుకుతారో రాయి. నవ్వకు, నా బుర్ర ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

మీ వదిన

ఫిబ్రవరి 24

వదినా,

నీ ఉత్తరం ఎప్పటిలాగే చింపి ఉన్న కవరులో వచ్చింది. మా ఉత్తరాలు చదివే గుమాస్తా అది చేతికిస్తూ, మీ క్లీనరుకి పేలు పట్టాయటగా అన్నాడు. ఇక్కడ మన ఇంటి కబురు అడిగిన మొదటి మనిషి ఆయనే.

దుప్పట్లు మేమే ఉతుక్కుంటాం. అవి ఎలా ఉంటాయో రాయను. రాస్తే సబ్బు పట్టుకుని రైలెక్కేస్తావు.

నువ్వు పేలంటున్నావు గానీ అవి గోమార్లయి ఉంటాయి. చెవుల వెనకా, వేళ్ల సందుల్లోనూ వెతుకు. పట్టకారుతో మొదలంటా పట్టి పీకి కిరసనాయిలు చుక్క వేసిన గిన్నెలో పడెయ్యి. నేనున్నప్పుడు వ్యాను నీడలో కూర్చుని ఆదివారమంతా అదే పని. దానికి కితకితలు, నాకు కాలక్షేపం. చెవి వెనక పట్టుకుంటే ఊరుకోదు, మెడ కింద గోకుతూ ఉండాలి. ఆ పని ఒకళ్లు, పీకే పని ఒకళ్లు చెయ్యాలి. అన్నయ్యని కూర్చోబెట్టుకో.

అన్నయ్య నా గురించి అడుగుతున్నాడా? కోర్టు మెట్ల మీద తలకాయ తిప్పుకుని వెళ్లిపోయాడు, అదే ఆఖరు. ఉత్తరం రాయమనడం లేదు. నీ ఉత్తరం అడుగున ఒక్క వాక్యం రాస్తే చాలు. ఎవరింట్లో కుళాయి కారుతోందో రాసినా చాలు. అడిగానని మాత్రం చెప్పకు.

చిన్నబ్బాయి

మార్చి 12

చిన్నబ్బాయికి,

గోమార్లు కావు. నేనేం కళ్లు లేనిదాన్ని కాదు. గోమారయితే అంటుకుని కూర్చుంటుంది, పీకేస్తే వస్తుంది. ఇవి వేలికి చిక్కవు. బొచ్చు విడదీస్తే పక్కలకి జారుకుని మాయమవుతాయి. దొరికిన దాన్ని రెండు గోళ్ల మధ్య పెట్టి నొక్కితే టిక్కుమంటుంది, లేకపోతే చావదు. రోజూ పేలదువ్వెనతో దువ్వి సబ్బునీళ్ల బకెట్లో ముంచుతున్నాను. మొదటి రోజు యాభై ఒకటి. నిన్న డెబ్బై. ఇదెక్కడి లెక్కో నాకు అర్థం కాదు, తీసేకొద్దీ పెరుగుతున్నాయి.

రెండుసార్లు స్నానం చేయించాను. మందుసబ్బు కూడా అయింది. ఆ పూట హాయిగా పడుకుంటుంది. రెండో రోజుకి మళ్లీ వెనక కాలు వీణ వాయిస్తుంది. తోక మొదట్లో బొచ్చు ఊడి చర్మం ఎర్రగా కనబడుతోంది.

లాడ్జి మేనేజరు నిన్న వచ్చి, పై అంతస్తులో దిగినాయన ఒళ్లంతా దద్దుర్లు చూపించాడని చెప్పాడు. పల్లెత్తు మాట అనలేదు, కానీ వెళ్తూ వెళ్తూ క్లీనరు వైపు ఒక చూపు చూశాడు. అప్పటినుంచి మీ అన్నయ్య దాన్ని పెరట్లో కట్టేయమంటున్నారు. దుప్పట్లున్న గదిలోకి రానివ్వద్దన్నారు. కట్టేశాను. పొద్దస్తమానం తలుపు గీకుతోంది.

నీ గురించి అడుగుతారా అన్నావు. మీ అన్నయ్య సంగతి నీకు తెలియనిదేముంది. నోట్లో మాట పళ్లు దాటదు.

వదిన

ఏప్రిల్ 2

వదినా,

ఈసారి ఉత్తరం లావుగా ఉంటుంది, ఓపికగా చదువు. మా గదుల వరసలో ఒక పెద్దాయన ఉన్నాడు. బయట ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఇక్కడ అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. రెండు రోజులు ఇదే మాట్లాడుకున్నాం. మాకు వేరే పనేముంది.

ఆయన చెప్పింది రాస్తున్నాను. నువ్వు దువ్వి తీసేవి పైపైన ఉన్నవే. కుక్క వాటికి హోటలు లాంటిది, కాపురం ఇంట్లో. అది పడుకున్నచోటల్లా గుడ్లు రాలుతాయి. నేల బీటల్లో, చాపల కింద, మంచం కోళ్ల మొదట్లో అవి పురుగులై, గూళ్లు కట్టుకుని కూర్చుంటాయి. ఆ గూళ్లకి మందు ఎక్కదు, సబ్బు ఎక్కదు. నెలల తరబడి కదలకుండా ఉండి, మనిషి అడుగు చప్పుడు వినబడగానే పగిలి పైకి లేస్తాయి. అందుకే నువ్వు తీసేకొద్దీ వస్తున్నాయి.

ఒకే రోజు అన్నీ చెయ్యాలి. కుక్క పడుకునే గోనెలూ గుడ్డలూ ఉడకబెట్టు. చాపలు తీసి ఎండలో వెయ్యి. నేల బీటలన్నీ చీపురుపుల్లతో గీకి ఊడ్చి, ఆ చెత్త వెంటనే కాల్చెయ్యి. వేడినీళ్లతో కడుగు. మర్నాడు మళ్లీ ఊడువు. నలభై రోజులు ఒక్క రోజు తప్పకూడదు. కుక్క మెడ మీద వేసే చుక్కలమందు పశువుల డాక్టరు దగ్గర దొరుకుతుంది. ఆయన రాసిచ్చింది మాత్రమే వాడాలి. దాణా కొట్టులో గేదెలకని అమ్మే పొడి ఎవరు చెప్పినా పొయ్యొద్దు, కుక్క నాకిందంటే ప్రాణం పోతుంది. ఇది రెండుసార్లు చెప్పాడు.

ఇంకోమాట. పెరట్లో కట్టేశారని చదివి ఆ పూట అన్నం దిగలేదు. పుట్టిన తర్వాత తాడు ఎరగదు అది. నన్నిక్కడ కట్టేశారు, చాలదూ? విప్పమని అన్నయ్యతో చెప్పు.

చిన్నబ్బాయి

ఏప్రిల్ 27

చిన్నబ్బాయికి,

మీ డాక్టరుగారు చెప్పినవన్నీ చేశాను. గోనెలు ఉడకబెట్టాను. మన ఇంటి నేలకి ఇన్ని బీటలున్నాయని పాతికేళ్ల కాపురంలో ఇప్పుడే తెలిసింది. మోకాళ్ల మీద పాకుతూ గీకాను. పశువుల డాక్టరు నెలకి ఒక్కరోజే వస్తాడు, ఆ రోజు లైన్లో నిలబడి చుక్కలమందు వేయించాను. రెండు వారాలు పీడ విరగడయింది. ఒక్కటీ లేదు. క్లీనరు తోక దగ్గర కొత్త బొచ్చు మొలిచింది. నీకు ఆ కబురు రాద్దామని కాగితం కూడా కొనుక్కొచ్చాను.

మూడో వారం మొదటి రోజు ఇస్త్రీ చేస్తుంటే తెల్ల దుప్పటి మీద ఒకటి గెంతింది. ఇస్త్రీపెట్టెతో నొక్కి చంపాను. పక్కనే ఇంకోటి. సాయంత్రానికి దువ్వితే నలభై.

కూర్చుని ఏడ్చాను. నవ్వితే నవ్వు, పేల కోసం ఏడ్చిన ఆడదాన్ని ఎక్కడా చూసి ఉండవు.

లాడ్జి పని పోయింది. మేనేజరు మర్యాదగానే చెప్పాడు, వేరే వాళ్లకి ఇచ్చేశామని. పధ్నాలుగేళ్లు ఉతికాను ఆ దుప్పట్లు.

నిన్న మీ అన్నయ్య క్లీనరుని తీసుకెళ్లి ఊరవతల కలప డిపోలో వదిలిపెట్టి వచ్చారు. ఇంతకంటే దారి కనబడలేదు. వచ్చి భోజనం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నారు. ఇంక రాయలేను, వేళ్లు పగిలి మంట పెడుతున్నాయి.

వదిన

మే 15

వదినా,

ఈ ఉత్తరం నీకు కాదు, అన్నయ్యకి. ఒక్క ముక్క దాచకుండా చదివి వినిపించు.

అన్నయ్యా, దాన్ని ఊరవతల వదిలిపెట్టి వచ్చావట. నీకు వదిలిపెట్టడం బాగా వచ్చు. కోర్టు మెట్ల మీద నన్ను వదిలిపెట్టావు, చేతులు దులుపుకున్నావు. ఏడాది మీద రెండు నెలలయింది. ఒక్క అక్షరం రాయలేదు, ఒక్కసారి చూడడానికి రాలేదు. నేను అడగలేదు. తప్పు నాది, ఒక మనిషి ప్రాణం తీశాను, నన్ను వదిలించుకున్నావంటే అర్థముంది. ఆ మూగజీవం ఏం చేసింది? దానికి పట్టినవి పేలు. కుష్ఠు కాదు. ఆ మాత్రం నీ చేత్తో ఏదైనా చేశావా? అన్నీ వదిన చేసింది. నువ్వు కట్టేయమన్నావు, తర్వాత వదిలేశావు. నీకు చేతనయింది అంతే.

ఆరోజు వ్యానులో నా పక్కనున్నది అదొక్కటే. నేను బ్రేకు తొక్కానని ప్రపంచంలో దానికొక్కదానికే తెలుసు. దాన్ని కూడా లేకుండా చేశావు.

నేను బయటికొచ్చాక ఆ గుమ్మం తొక్కను.

జూన్ 8

చిన్నబ్బాయికి,

చదివి వినిపించాను. నువ్వన్నట్టే ఒక్క ముక్క దాచలేదు. చదువుతుంటే మీ అన్నయ్య కుళాయి తలకి నార చుడుతూ కూర్చున్నారు. ఎక్కడా ఆపమనలేదు. అయిపోయాక, బ్రేకు తొక్కానన్నది ఇంకోసారి చదవమన్నారు. చదివాను. లేచి చొక్కా వేసుకుని వెళ్లారు.

ఆ రాసింది నా తప్పు. వదిలిపెట్టారంటే పారేశారని కాదు. డిపో కాపలా మనిషి మీ అన్నయ్యకి తెలిసినవాడు. ఇల్లు బాగుపడేదాకా నలభై రోజులు ఉంచుకుంటానన్నాడు. ఈయన రోజూ పని నుంచి అటు వెళ్లి, కారియరులో అన్నం పెట్టి, దువ్వి వచ్చేవారు. కట్టేయమన్నది కూడా లాడ్జి పని నాకు పోకూడదనే. ఒక్క వాక్యం ఎక్కువ రాసుంటే నువ్వలా అనుకునేవాడివి కాదు. వేళ్లు మంటపెట్టి ఆపేశాను.

ఆ రోజే తీసుకొచ్చేశారు. ఇకమీదట దీని సంగతి నేనే చూస్తానన్నారు. మందు పోశారు. పేలు పోయాయి. ఇప్పుడు గోక్కోవడం లేదు. హాయిగా ఉంది.

నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

వదిన

జూన్ 29

వదినా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. డాక్టరుగారు వచ్చి, ఏమైందని అడిగితే, మా అన్నయ్యే స్వయంగా మందు పోశాడటండీ అన్నాను. ఏం మందు అన్నాడు. తెలియదన్నాను.

అన్నయ్య కారియరు పట్టుకుని డిపోకి వెళ్లేవాడా? దువ్వేవాడా? నేనేం రాశాను వదినా ఆయనకి. నాలుక కోసేసుకున్నా తీరదు. ఇక్కడ మాటలు పేరుకుపోతాయి, చెప్పుకునే మనిషి ఉండడు, కాగితం దొరగ్గానే ఎవరి మీద పడితే వాళ్ల మీద గుమ్మరిస్తాం. తమ్ముడు కాళ్లు పట్టుకున్నాడని చెప్పు. గుమ్మం తొక్కనన్నది కొట్టేశానని చెప్పు.

క్లీనరు సంగతులు పొడుగ్గా రాయి. బొచ్చు మళ్లీ వచ్చిందా? వ్యాను ఎక్కుతోందా? అన్నయ్య దగ్గర పడుకుంటోందా?

చిన్నబ్బాయి

జూలై 20

చిన్నబ్బాయికి,

నువ్వు చెప్పమన్నవి చెప్పాను. మీ అన్నయ్య తల ఊపారు.

క్లీనరు బాగుంది. తింటోంది. బొచ్చు వచ్చింది. వానలు పట్టడంతో పెద్దగా తిరగడం లేదు.

మాకే సుఖం లేదు. ఇంట్లో అడుగు పెడితే చాలు, మోకాళ్ల కిందంతా కుట్టేస్తున్నాయి. మీ అన్నయ్య పాదాలు చూస్తే గోధుమరవ్వ చల్లినట్టు దద్దుర్లు. రోజూ ఊడుస్తున్నాం, కడుగుతున్నాం. తెల్ల మేజోళ్లు వేసుకుని గదిలో నడిస్తే మేజోళ్లు నల్లబడతాయి. ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి పోతున్నారు. ఉతకడానికి ఇంక ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. మీ అన్నయ్యకి తోడుగా గొట్టాలు మోస్తున్నాను, అలవాటైంది.

నీ ఒంటి సంగతి ఏమీ రాయవు. వెళ్లేటప్పుడున్న ఆ దగ్గు తగ్గిందా?

వదిన

ఆగస్టు 11

వదినా,

నీ ఉత్తరం డాక్టరుగారికి చదివాను. ఎప్పుడూ చదివినట్టే చదివాను. కాళ్లు కుడుతున్నాయన్న చోట, మళ్లీ చదువు అన్నాడు. చదివాను. భోజనాల బెల్లు కొట్టారు, తిన్నాం, వచ్చాం. అప్పుడు చెప్పాడు.

ఇంట్లో కుక్క ఉంటే అవి మనిషి జోలికి అంతగా రావట. ఒకటీ అరా కుడతాయి గానీ, వేడిగా బొచ్చున్న ఒళ్లు పక్కనుండగా మేజోళ్లు నల్లబడేంతగా మనుషుల కాళ్ల మీద పడవట. అలా పడ్డాయంటే వాటికి వేరే దారి లేకనే, అన్నాడు. నేను పొరపాటు పడుండొచ్చు బాబూ, ముసలివాణ్ని, అని కూడా అన్నాడు.

నీ ఉత్తరాలు రెండూ మళ్లీ తీసి చూశాను. తింటోంది అని రాశావు. ఏం తింటోందో రాయలేదు. నువ్వు అలా రాసే మనిషివి కాదు.

వదినా, క్లీనరు ఉందా?

ఆగస్టు 30

చిన్నబ్బాయ్,

లేదు.

జూన్ ఒకటో తారీకున పోయింది. నేనిన్నాళ్లూ నీకు అబద్ధం రాశాను. ఎలా జరిగిందో చెబుతాను, ఈసారి వాక్యం తగ్గించను.

నీ ఉత్తరం విన్న రోజే డిపో నుంచి భుజానేసుకుని తెచ్చారు. నేను చూస్తానులే అన్నారు. పశువుల డాక్టరు రావడానికి ఇంకా మూడు వారాలుంది. దాని ఒళ్లు మళ్లీ పుండ్లు పడింది. మీ అన్నయ్య ఆగలేకపోయారు. ఆ మాత్రం నీ చేత్తో ఏదైనా చేశావా అన్నావే, ఆ మాట ఆయన లోపల దిగబడిపోయింది. రెండు రోజులు పనికి వెళ్లకుండా ఇల్లంతా గీకారు. మూడో రోజు పొద్దున దాణా కొట్టుకి వెళ్లి పొడి తెచ్చారు. కొట్టువాడు గేదెలకి అందరం ఇదే పోస్తాం అన్నాడట. బకెట్లో కలిపారు. పేలు గట్టివి కదా అని కొంచెం ఎక్కువే కలిపారు. కూర్చోబెట్టుకుని, మెడ కింద గోకుతూ, ఒళ్లంతా చేత్తో రుద్దారు. అది కదలకుండా రుద్దించుకుంది.

ఆ పొడి పొయ్యొద్దని నువ్వు ఏప్రిల్లోనే రాశావు. ఆ కాగితం నేనే చదివాను, నా దగ్గరే ఉంది. ఆయనకి చదివి చెప్పలేదు. గోనెలూ బీటలూ నా పని కదా, ఆయనకెందుకులే అనుకున్నాను. ఆ పొద్దున నేను ఇంట్లో లేను. లాడ్జి మేనేజర్ని ఇంకోసారి బతిమాలడానికి వెళ్లాను.

వచ్చేసరికి అది వణుకుతోంది. నోట్లో నురగ. ఒళ్లంతా నాక్కుందట. మీ అన్నయ్య కడుగుతున్నారు, బిందెల కొద్దీ పోస్తున్నారు. నన్ను చూసి, “ఏదో అవుతోందే దీనికి” అన్నారు. గిన్నెలో పొడి చూశాను. నా ముఖం చూసి ఆయనకి అర్థమైంది. ఎత్తుకుని పరిగెత్తారు. నేను వెనకాల. పశువుల ఆసుపత్రికి తాళం వేసి ఉంది. ఆ మెట్ల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. దారిన పోయే వ్యాను ఒకటి ఆగి హారను కొట్టింది. అది చెవి ఎత్తింది. అంతే.

కాసేపటికి దాని ఒళ్లు చల్లబడింది. నేనెప్పుడూ చూడనిది అప్పుడు చూశాను చిన్నబ్బాయ్. మందుకి చావని పేలన్నీ బొచ్చులోంచి పైకొచ్చాయి. దాన్ని వదిలిపెట్టి ఆయన చేతుల మీదికి ఎక్కాయి. ఆయన దులుపుకోలేదు. “ఎక్కనీ” అన్నారు.

పెరట్లో కుళాయి పక్కన పూడ్చాం. వాచ్‌మన్ భార్య గోడ అవతల నిలబడి చూసింది. ఇంటికి వెళ్లి పార తెచ్చి గోడ మీద పెట్టి వెళ్లింది. మన పార విరిగిపోయిందని ఆవిడకెలా తెలుసో.

నీకు రాద్దామంటే మీ అన్నయ్య ఒక్కటే అన్నారు. “ఇప్పుడు రాయకు. అక్కడ ఒక్కడూ ఉన్నాడు. వాడు బయటికొచ్చాక నేనే చెబుతాను, నా నోటితోనే చెబుతాను.” అందుకని రాయలేదు. నీకు రాసిన అబద్ధాలు ఆయన చెప్పినవి కావు, నేను కల్పించినవే.

నువ్వు తిట్టదలిస్తే నన్ను తిట్టు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

వదిన

అక్టోబరు 6

చిన్నబ్బాయ్,

ఉత్తరం లేదు. గుమాస్తా ఆపాడా, నువ్వే ఆపేశావా? తిట్టడానికైనా రాయి.

వదిన

నవంబరు 3

వదినా,

గుమాస్తా ఆపలేదు. పాపం, ఆయన రెండుసార్లు కాగితం తెచ్చిచ్చాడు.

నిన్ను తిట్టను. మీ ఇద్దరిలో ఎవర్నీ తిట్టడానికి నాకు నోరు లేదు. దాణా కొట్టుకి అన్నయ్యని పంపింది నేను. మే నెల ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆయన మూడు వారాలు ఆగేవాడు. నీ మాట సగంలో ఆగింది, నా మాట హద్దు దాటింది. వాచ్‌మన్ విషయంలో కనీసం బ్రేకు తొక్కాను. దీనికి అదీ లేదు.

డాక్టరుగార్ని అడిగాను, బాధ ఎక్కువసేపు ఉంటుందా అని. ఉండదన్నాడు. నిజం చెప్పాడో, నాకోసం చెప్పాడో అడగలేదు. పోయిన నెల ఆయన్ని వేరే జైలుకి మార్చారు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఒక్క పని చెయ్యి వదినా. నాకు తెలిసిందని అన్నయ్యకి చెప్పకు. వాడొచ్చాక నా నోటితో చెబుతానన్నాడుగా. ఆ మాట ఒక్కటే ఆయన నాకోసం అట్టిపెట్టుకున్నది. దాన్ని కూడా నేను లాక్కోలేను. ఇంకో కాగితం జత చేస్తున్నాను. క్లీనరు ఎలా ఉందని, స్నానం చేయిస్తున్నారా అని అడుగుతూ రాశాను. అది ఆయనకి చదివి వినిపించు. ఈ కాగితం చించెయ్యి.

ఆ రెండోది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

చిన్నబ్బాయి

డిసెంబరు 1

చిన్నబ్బాయ్,

ఇది పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. కింద సగం ఖాళీగా వదులుతున్నాను, ఎందుకో చెబుతాను.

నీ రెండో కాగితం చదివాను. నా గొంతు నిలబడింది, నాకే ఆశ్చర్యం. స్నానం చేయిస్తున్నారా అన్న చోట మీ అన్నయ్య లేచి పెరట్లోకి వెళ్లారు. కుళాయి విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కుని, చాలాసేపటికి వచ్చారు. ఇంకా ఏం రాశాడు అన్నారు. అంతేనన్నాను.

ఇంట్లో పేలు పోయాయి. నేను అడక్కుండానే, ఎవరూ మందు వెయ్యకుండానే పోయాయి. తాగడానికి ఒళ్లు దొరక్క ఎండిపోయుంటాయి. తెల్ల మేజోళ్లు వేసుకుని మూల మూలా నడిచి చూశాను, ఒక్క మచ్చ లేదు. అయినా మీ అన్నయ్య రోజూ బీటలు గీకుతున్నారు. ఇంకెందుకండీ, లేవుగా అన్నాను. “వాడొచ్చేసరికి ఉండకూడదు” అన్నారు. నువ్వు రావడానికి ఇంకా రెండేళ్ల మూడు నెలలు. ఆయన వేళ్ల కొసలకి చర్మం లేదు.

నిన్న సాయంత్రం అన్నారు, ఈసారి అడుగున నేను రెండు ముక్కలు రాస్తానని. ఏం రాస్తారని అడగలేదు. నిజమే రాస్తారేమోనని ఒక క్షణం ఆశపడ్డాను, భయపడ్డాను. ఈ కాగితాన్ని ఇక్కడికి మడిచి, మిగతా సగం ఆయన ముందు పెడతాను. పై సగం చదివే మనిషి కాదు. చదవాలనుకున్నా చదవరు.

నువ్వు ఇన్నాళ్లూ అడిగింది ఇదే కదా. తీసుకో.

వదిన

తమ్ముడూ,

క్లీనరు బాగుంది. స్నానం చేయిస్తున్నాను. ఇంట్లో పేలు ఒక్కటి కూడా లేవు. వచ్చి చూద్దువుగాని.

అన్నయ్య